ఖాళీ పెట్టె, కొద్ది దూరము

నేను ముప్పదియైదేండ్లు పాఠశాలలలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. సమాసములను గూర్చియో ఛందస్సును గూర్చియో మాటలాడుమన్నచో నాకు కొంత ధైర్యము కలుగును. అట్టివాడు నేడు ఇనుపపెట్టెలను గూర్చియు, వానిని కదల్చుటకు కిరాయికి పిలుచు మనుష్యులను గూర్చియు ప్రసంగింప బూనుట మీకు వింతగా తోచవచ్చును. కాని మన పల్లెలలో తల నెరసినవాని యొద్దకు జనులు వ్యాకరణ సందేహములు తీర్చుకొనుటకు రారు. గట్టుతగవు వచ్చినపుడును, కూలిబేరము తెగనపుడును వత్తురు. మీలో పెక్కుమంది యనుభవమును ఇదియే యై యుండును. అట్లు నన్నడిగిన యొక బేరమున నేనాడిన మాట చెడ్డది. దాని ఫలమును మరియొకడు అనుభవించెను. అట్టి మాట మీ నోట రాకుండుటకై యీ నాలుగు సంగతులు చెప్పుచున్నాను.

మాది కడియము. ధవళేశ్వరమునుండి వచ్చు కాలువనీటితో తడియు మెత్తని ఒండ్రునేల. మా యూరను, కడియపులంకయందును, చుట్టుపట్ల గ్రామములందును మొక్కల తోటలు పెంచుట ప్రధానమైన జీవనోపాధి. వీనిని మేము నర్సరీలందుము. ఎరువులు, పురుగుమందులు, పనిముట్లు, నీటి గొట్టములు దాచుకొనుటకు ఈ తోటలలో పూర్వము తాటియాకు పాకలుండెడివి. ఇప్పుడు కొందరు ఓడలపై సరకు మోసి పాతబడిన పెద్ద ఇనుపపెట్టెలను కొని తెచ్చి నిలుపుకొనుచున్నారు. వీనినే కంటెయినరులందురు. నిప్పునకు గాని, ఎలుకకు గాని, దొంగకు గాని యది సులభముగా లొంగదు. కాని తోటలలో పెక్కు కౌలునేలలు. గడువు తీరినపుడో, రహదారి వెడల్పు చేసినపుడో, దాయాదులు పంచుకొన్నపుడో ఆ పెట్టెను ఒకచోటి నుండి మరియొకచోటికి జరుపవలసి వచ్చును. ఆ దూరము మైళ్లు కాదు. నూరు గజములో, రెండు ఫర్లాంగులో. చిక్కంతయు నచ్చటనే యున్నది.

ముందుగా ఈ పెట్టె పుట్టుక కొంత వినుడు. పూర్వము ఓడకు సరకెక్కించుటయనగా బస్తాకొక మనిషి, మూటకొక మనిషి. 1956 ఏప్రిల్ 26వ తేదీన అమెరికా దేశమున మాల్కమ్ మెక్లీన్ అను లారీల యజమాని 58 పెట్టెలను ఐడియల్ ఎక్స్ అను ఓడపై నెక్కించి నెవార్కు రేవునుండి హూస్టను రేవునకు పంపెను. పెట్టెలోని సరకును ముట్టుకొనక పెట్టెనే లారీపైనుండి ఓడపైకి, ఓడపైనుండి లారీపైకి మార్చుట అందలి యుపాయము. పిదప దేశములన్నియు కలిసి ఈ పెట్టెలకు ఒకే కొలత నిర్ణయించుకొన్నవి. మన దేశమున 1973లో కొచ్చి రేవునకు మొదటి కంటెయినరు ఓడ వచ్చెను. రైళ్లపై వీనిని నడపుటకు కంటెయినరు కార్పొరేషను అను ప్రభుత్వ సంస్థ 1988లో ఏర్పడెను. విశాఖపట్టణమున వీనికై ప్రత్యేకమైన రేవు 2003లో పని మొదలుపెట్టెను. మా కడియము స్టేషను ఆ మహామార్గముపైననే యున్నది గనుక ఈ పెట్టెలు గొలుసుకట్టుగా పోవుట మా పిల్లలకు నిత్యదృశ్యము. కొన్ని యేండ్లు సముద్రములు తిరిగి, సొట్టలు పడి, ఓడప్రయాణమునకు పనికిరానివి అమ్మకమునకు వచ్చును. అవియే మన తోటలకు చేరునవి.

పల్లెలకు వచ్చువానిలో రెండు కొలతలు సాధారణము: ఇరువది అడుగులది, నలువది అడుగులది. రెండింటి వెడల్పును 8 అడుగులే. ఎత్తు సామాన్యముగా ఎనిమిదిన్నర అడుగులు. కొన్ని మరియొక అడుగు ఎక్కువ. ఖాళీగా నున్న ఇరువది అడుగుల పెట్టె బరువు సుమారు 2,250 కిలోలు. నలువది అడుగులది 3,750 కిలోల ప్రాంతమున నుండును. మన లెక్కలో చెప్పవలెనన్న, బస్తాకు 75 కిలోల చొప్పున చిన్నది ముప్పది బస్తాల ధాన్యము, పెద్దది యేబది బస్తాల ధాన్యము. సరియైన సంఖ్య కావలసినచో పెట్టె తలుపుపైననే వ్రాసి యుండును. అచ్చట ‘టేర్’ అను మాటకు ఎదురుగా కిలోలలో నుండునది ఖాళీ పెట్టె బరువు. దానిని చదువుకొనకుండ బేరము మొదలుపెట్టరాదు.

ఇప్పుడు మీతో నా తప్పు చెప్పుకొనవలెను. కొన్ని యేండ్ల క్రిందట శ్రావణమాసమున మా వీధివాడొకడు, నాకు తమ్ముని వరుస యగువాడు, తన తోటలో బాట ప్రక్కన నున్న ఇరువది అడుగుల పెట్టెను లోపలికి రెండువందల గజములు జరుపదలచెను. క్రేను యజమాని యొకడు ఒక మొత్తము చెప్పెను. ట్రాక్టరు గలవాడొకడు పదిమంది కూలీలను తెచ్చి అందు మూడవ వంతునకే చేయుదుననెను. ఇరువురను వెంటబెట్టుకొని మావాడు నా యరుగుమీదికి వచ్చెను. ట్రాక్టరువాడు, “మేష్టారూ, ఖాళీ పెట్టే కదండీ, దీనికి క్రేనెందుకండీ? పదిమంది చెయ్యేస్తే సాయంత్రానికి అక్కడుంటుందండి” అనెను. నేను కూర్చున్నచోటినుండి లేవకయే, “అవును నాయనా, ఖాళీ పెట్టెకి అంత హంగామా ఎందుకు?” అంటిని. బేరము తెగినది.

వారు జాకీలతో ఒక కొననెత్తి, క్రింద ఇనుప గొట్టములు పరచి, ట్రాక్టరుతో లాగిరి. సమముగా నున్న నేలపై పని నల్లేరుమీద బండివలె సాగినది. తోటలోనికి దిగుచోట చిన్న గట్టున్నది. గట్టునకు అవతల పల్లము. వెనుక వదలిన గొట్టమును తెచ్చి ముందు పెట్టుచుండిన కుర్రవాడు ఒకప్పుడు నా విద్యార్థి. పెట్టె గట్టు దాటగనే ట్రాక్టరు లాగకయే తనంతట తాను దొర్లెను. ఆతడు వెనుకకు దుమికెను గాని యెడమపాదము చిక్కుకొనెను. రెండు వ్రేళ్లు పోయినవి. ఎనిమిది నెలలు పనికి పోలేకపోయెను. ట్రాక్టరువాడు “గుత్తకిచ్చినది యజమాని” యనెను. యజమాని “పని చేయించినది ట్రాక్టరువాడు” అనెను. నేను చూడబోయినపుడు ఆతని తల్లి నన్ను నిందింపలేదు. “మీరు చెప్పారంట గదండీ మేష్టారూ?” అని మాత్రమడిగెను. ఔనని తల వంచుకొంటిని. తరువాత ముగ్గురము ఖర్చును సమముగా పంచుకొంటిమి. నా వంతు నా పింఛనునుండి యిచ్చుకొంటిని. వ్రేళ్లు మాత్రము తిరిగి రాలేదు.

సూచీకటాహ న్యాయమని మా శాస్త్రములలో నొకటి కలదు. కమ్మరియొద్దకు ఒకడు కాగు చేయుమని వచ్చును. వెనుక వచ్చినవాడు సూది చేయుమనును. సూది చిన్నపని గనుక కమ్మరి దానిని ముందు ముగించును. న్యాయము మంచిదే. కాని ముందున్నది సూదియో కాగో గుర్తించుటలోనే వివేకమంతయు నున్నది. ‘ఖాళీ’ యను మాటయు, ‘కొద్ది దూరము’ అను మాటయు కలిసి నాకు కాగును సూదిగా చూపినవి. పిదప నేను పనివారినడిగి, లెక్కలు వేసికొని తెలిసికొన్నది చెప్పెదను.

మొదట ‘ఖాళీ’ యను మాట. ముప్పది బస్తాలను ముప్పదిమంది తలకొకటిగా మోయగలరు. అదే ముప్పదిమంది యీ పెట్టెను మోయలేరు; ఏలయన దానికి పట్టు లేదు, అందరును ఒక్కసారి వంగి లేచుటకు చోటును లేదు. ఇక లాగుటయన్నచో, ఇనుమును మట్టినేలపై ఈడ్చుటకు బరువులో సుమారు సగమైనను బలము కావలెను. అనగా పదునైదు బస్తాల బరువునకు సమమైన లాగు. అందుచేత మనవారు గొట్టములు వేయుదురు. గట్టినేలపై గొట్టములు చక్కగా దొర్లినచో బరువులో ఇరువదవ వంతు త్రోపుతో పెట్టె కదలును. అది నూటపది కిలోలు మాత్రమే. ఇద్దరు ముగ్గురు మనుష్యులు త్రోయగలరు.

చూచినవారికి ఇది విజయమువలె కానవచ్చును. కాని నేల పది అడుగులకు ఒక అడుగు వాలినచో ఆ బరువు తనంతట తాను 225 కిలోల బలముతో క్రిందికి త్రోయును. గొట్టములు నూటపది కిలోలనే అడ్డగింపగలవు. మిగిలిన నూరు కిలోలకు పైబడిన త్రోపు పెట్టెను పరుగెత్తించును. కదల్చుటకు ఇద్దరు చాలుదురు. ఆపుటకు పదిమందియు చాలరు. ఆనాడు మా తోటలో జరిగినది ఈ లెక్కయే. కావున గొట్టములతో చేయు పని సమమైన గట్టినేలపై మాత్రమే చేయవలెను. ముందు లాగు త్రాడెంత ముఖ్యమో, వెనుక బిగబట్టు త్రాడును అంత ముఖ్యము. వాలు ఉన్నచో ఆ పద్ధతినే విడువవలెను. గొట్టము పెట్టువాడు ప్రక్కనుండి కర్రతో త్రోసి పెట్టవలెను గాని, పెట్టెకు ఎదురుగా ఎన్నడును నిలువరాదు.

ఖాళీ పెట్టెకు మరియొక గుణమున్నది. నిండు పెట్టె గాలికి లొంగదు. ఖాళీ పెట్టె లొంగును. దాని ప్రక్కగోడ నూటడెబ్బది చదరపు అడుగులు. గంటకు 50 కిలోమీటర్ల గాలి దానిపై వీచినచో త్రోపు సుమారు రెండువందల కిలోల బరువునకు సమానము. క్రేనునకు వ్రేలాడుచున్న పెట్టెను ఆ గాలి తెరచాపను త్రిప్పినట్లు త్రిప్పును. అందుచేత గాలి హోరున వీచు దినమున పని పెట్టుకొనరాదు. పెట్టె మూలలకు రెండు పొడవైన త్రాళ్లు కట్టి, ఇరుప్రక్కల ఇద్దరు దూరమునుండి పట్టుకొని దానిని అదుపున నుంచవలెను. చేతులతో ముట్టి ఆపబోవుట ప్రాణాంతకము. 1996 నవంబరు 6వ తేదీ తుఫాను మనలో నెవ్వరును మరువలేదు. క్రొత్తచోట నిలిపిన పిదప ఖాళీ పెట్టెను నేలకు బిగించి కట్టుట మంచిదని ఆ రాత్రిని చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక ‘కొద్ది దూరము’ అను మాట. ఈ పనిలో శ్రమ దూరమునందు లేదు. ఎత్తుటలో ఒకటి, దించుటలో ఒకటి, ఇరుకు చోట త్రిప్పుటలో ఒకటి. నూరు గజములైనను, పది మైళ్లైనను ఈ మూడును తప్పవు. క్రేను తన యూరినుండి మీ యూరికి వచ్చి పోవు కాలమునకును మీరే యీయవలెను. సాధారణముగా క్రేనువారు కనీసము ఇన్ని గంటలని లెక్క కట్టుదురు. పని అరగంటలో ముగిసినను ఆ కనీసపు కిరాయి తగ్గదు. కావున “ఇంత దగ్గరకు అంత కిరాయియా?” అని వానిని దబాయించుట న్యాయము కాదు. దానికి బదులు, చుట్టుప్రక్కల ఎవ్వరికైన నీటి ట్యాంకు ఎత్తవలసి యున్నదా, మోటారు దింపవలసి యున్నదా యని విచారించి, మూడు నాలుగు పనులను ఒకే దినమున కూర్చినచో కిరాయి నలుగురికి పంచబడును. పెద్దలు ఊరికి చేయగల యుపకారము తగ్గింపు బేరము కాదు, ఈ కూర్పు.

మన ప్రాంతమున ఈ పనికి వచ్చు క్రేనును జనులు ‘హైడ్రా’ అందురు. బరువును ముందు వ్రేలాడగట్టుకొని చక్రములపై నడచిపోగలదు. దీనిని గూర్చి మూడు సంగతులు తెలిసికొనవలెను.

ఒకటి: పండ్రెండు టన్నుల క్రేను అనగా ప్రతిచోట పండ్రెండు టన్నులు మోయునని కాదు. మన యేతమును తలచుకొనుడు. బాన ఎంత దూరము జరిగిన అంత బరువు తూగును. అట్లే క్రేను చేయి దగ్గరగా నున్నపుడే ఆ పండ్రెండు టన్నులు. చేయి ముందునకు బారగా చాచినచో దాని సత్తువ రెండు మూడు టన్నులకు దిగజారవచ్చును. కాలువ కీవలనుండి ఆవలకు చేయి చాచి పెట్టెను దింపుమనుట ఇందుచేతనే ప్రమాదము. ఎంత దూరమునకు ఎంత బరువో తెలుపు పట్టిక క్రేనుతోనే యుండును. దానిని చూపుమని అడుగుట మర్యాదలోపము కాదు.

రెండు: పెట్టె బరువు రెండుంబాతిక టన్నులే; కాని దానిని మోయవచ్చు క్రేను బరువు సుమారు దానికి నాలుగింతలు. మనము దారిని పెట్టెకొరకు పరీక్షింతుము. విరుగునది క్రేను క్రింద. తోటలకు పోవు దారిలోని తూములు, పంటబోదెలపై వేసిన పలకలు, భూమిలో పాతిన నీటి గొట్టములు దానిని ఓర్వగలవా యని ముందు చూడవలెను. మన యొండ్రునేల వానకాలమున మెత్తబడి చక్రమును మ్రింగును. బరువు వ్రేలాడుచుండగా ఒక చక్రము దిగబడినచో క్రేను ఒరుగును. మలుపు త్రిప్పునపుడును ఈ భయమే. కావున పెట్టెను నేలకు జానెడెత్తున మాత్రమే యుంచి, మెల్లగా నడపింపవలెను. వేసవిలో నేల గట్టిపడిన పిదప చేయుటయే యుత్తమము.

మూడు: త్రాళ్ల పొడవు. పెట్టెకు ఎనిమిది మూలలయందును రంధ్రములు గల గట్టి ఇనుప దిమ్మెలుండును. పెట్టె బలమంతయు ఆ మూలలలోను, వానిని కలుపు కమ్ములలోను ఉన్నది. గోడలును కప్పును పలుచని రేకులు. కొక్కెములు ఆ మూలదిమ్మెలకే తగిలింపవలెను గాని, తలుపు కడ్డీలకు తగిలింపరాదు. పై నాలుగు మూలలనుండి నాలుగు త్రాళ్లు ఒక కొక్కెమునకు చేరును. ఎదురెదురు మూలలకు కట్టిన రెండు త్రాళ్లును, వాని నడుమ కప్పును కలిసి ఒక త్రిభుజమగును. అది మూడు భుజములును సమానమైన త్రిభుజముగా నుండుట మేలు. అపుడు త్రాటిపై పడు లాగు దాని వంతు బరువుకంటె కొంచెమే ఎక్కువ. త్రాళ్లు పొట్టివై అడుగుకోణము 30 డిగ్రీలకు తగ్గినచో లాగు రెట్టింపగును. మూలలు లోపలికి నలుగును. ఇరువది అడుగుల పెట్టెకు ఒక్కొక్క త్రాడు 21 అడుగులకు తక్కువ కారాదని లెక్క వచ్చుచున్నది.

దీనినుండి మరియొక చిక్కు పుట్టును. అంత పొడవు త్రాళ్లకు కొక్కెము పెట్టె కప్పునకు 18 అడుగులపైన నుండవలెను. పెట్టె ఎత్తు ఎనిమిదిన్నర. లారీపై పెట్టుటకు మరి నాలుగడుగులు ఎత్తవలెను. కూడినచో ముప్పది అడుగులు దాటినది. మన వీధులపై కరెంటు తీగలు సుమారు 20 అడుగుల ఎత్తున పోవుచున్నవి. అనగా క్రేను చేయి తప్పక తీగలకంటె పైకి పోవును. 11,000 వోల్టుల తీగను ముట్టనక్కరలేదు. మిక్కిలి దగ్గరకు వచ్చినంతనే విద్యుత్తు దుమికి ఇనుమునంటును. జాగరూకులైన పనివారు పది అడుగులకు లోపలికి క్రేను చేతిని పోనీయరు. తీగ దగ్గరగా నున్నచో విద్యుత్ శాఖవారికి ముందుగా తెలిపి, లైనుమాను స్వయముగా వచ్చి కరెంటు ఆపినట్లు చెప్పిన పిదపనే పని మొదలుపెట్టవలెను. “ఈ వేళ కరెంటు పోయిందిలే” యని మొదలుపెట్టరాదు. పోయిన కరెంటు ఏ క్షణముననైన తిరిగి వచ్చును.

కిరాయి మాటలాడునపుడు ఏమేమి తేల్చుకొనవలెనో చెప్పెదను. ఒక కాగితముపై వ్రాసికొనుట మేలు. పెట్టె పొడవెంత, బరువెంత; లోపల నిజముగా ఖాళీయేనా? ఖాళీయని చెప్పి పది బస్తాల యెరువు మూలను మరచుట కలదు. ఆ బరువు ఒకవైపునకు చేరి, ఎత్తగనే పెట్టె వాలును. క్రొత్తచోట తలుపులు ఏ దిక్కునకు తెరచుకొనవలెను? దించిన పిదప “తలుపు ఇటు కావలెనే” యన్నచో పని మరల మొదటికి వచ్చును. గంటల లెక్క క్రేను బయలుదేరినది మొదలా, మీ తోటకు చేరినది మొదలా? వాన వచ్చి పని ఆగినచో ఎవరి నష్టము? త్రాళ్లు, కొక్కెములు, దిమ్మెలు ఎవరు తెత్తురు? మనుష్యులెందరు, వారికి మేస్త్రీ యెవడు? క్రేనునకు బీమా ఉన్నదా, నడుపువానికి లైసెన్సు ఉన్నదా? తూము విరిగినచో, గోడ పడినచో ఎవరు కట్టింతురు?

అన్నింటికంటె ముఖ్యమైనది చివరి ప్రశ్న: మనిషికి దెబ్బ తగిలినచో ఎవరు చూతురు? పనిలో గాయపడినవానికి పని చేయించినవారు నష్టపరిహారమీయవలెనను సూత్రము మన దేశపు చట్టములలో 1923 నుండి కలదు. తరువాత చట్టముల పేరులును విధులును మారినవి. ఏది ఎవరికి ఎంతమేర వర్తించునో న్యాయవాదినడిగి తెలిసికొనవచ్చును. కాని దెబ్బ తగిలిన పిదప అడుగుటకంటె ముందే తేల్చుకొనుట లెస్స. ఆ మాట ముందుగా వచ్చినచో, తక్కువకు ఒప్పుకొన్నవాడు తన తక్కువ ధర ఏ ప్రమాదమును దాచిపెట్టినదో తానే చెప్పును. మా ట్రాక్టరువానిని ఆ దినమున నేను ఈ యొక్క ప్రశ్న అడిగి యున్నచో బేరము అచ్చటనే మారియుండెడిది.

పని దినమున ఆజ్ఞ ఒక్కనిదే కావలెను. పదిమంది పది కేకలు వేసినచో క్రేను నడుపువాడు ఎవని మాట వినును? మేస్త్రీ యొక్కడే చేతితో సైగ చేయవలెను. “ఆపు” అను మాటను మాత్రము ఎవ్వరు పలికినను వెంటనే ఆపవలెను. వ్రేలాడు పెట్టె క్రిందికి గాని, పెట్టెకును గోడకును నడుమకు గాని ఎవ్వరును పోరాదు. తలుపులు మూసి గడియలు బిగింపవలెను. లేనిచో అవి నడుమ తెరచుకొని మనుష్యులను కొట్టును. వేడుక చూడవచ్చిన పిల్లలను దూరముగా నిలుపుట మనవంటి ముసలివారు చేయదగిన పని.

క్రొత్తచోట నేలపైననే దించరాదు. నాలుగు మూలల క్రింద సిమెంటు దిమ్మెలు వేసి, తాపీవారు వాడు నీటి గొట్టముతో మట్టము చూచి, వానిపై దింపవలెను. అడుగున గాలి యాడినచో తుప్పు తగ్గును. కాలువ పొంగినను సరకు తడియదు. మట్టము సరిపోయినదో లేదో తలుపే చెప్పును. నాలుగు మూలలలో ఒకటి క్రుంగినను పెట్టె మెలిపడి తలుపులు పట్టును. చిన్నపిల్ల చేతికి తలుపు సులువుగా తెరచుకొని మూసికొన్నచో పని సక్రమముగా జరిగినదని యెరుగుడు. క్రేనును పంపివేయుటకు ముందే ఈ పరీక్ష చేయవలెను.

గడచిన వేసవిలో మావాని కౌలు మారి అదే పెట్టెను మరల జరుపవలసి వచ్చెను. ఈమారు క్రేనును పిలిచితిమి. ప్రక్క తోటవాని నీటి ట్యాంకు పనియు, మరియొకని మోటారు పనియు అదే దినమున చేర్చితిమి. ముందునాడు నేను కర్ర చేతబట్టుకొని ఆ దారి పొడవునను నడచితిని. పంటబోదె పలక యొకటి బీటలు వారి యుండుట చూచి దారి మార్పించితిని. పెట్టె కదలువేళకు వ్రేళ్లు పోగొట్టుకొన్న ఆ కుర్రవాడును వచ్చి చెట్టు క్రింద నిలిచెను. ఎవ్వరును పిలువలేదు. అంతసేపును ఆతడు పెట్టెను చూడలేదు; పనివారి పాదములనే చూచుచుండెను. ఒకడు త్రాడు సర్దుటకు ముందునకు రాగా, “ముందుకెళ్లకన్నా, పక్కకి రా” అని కేక వేసెను. మేస్త్రీ పని ఆపించెను. ఆ మనిషి ప్రక్కకు తొలగిన పిదపనే పెట్టె కదలినది. పని మధ్యాహ్న భోజనవేళకు ముగిసినది. ఎవ్వరికిని గీటైనను పడలేదు.

ఆర్యులారా, మీయొద్దకును ఇట్టి బేరములు వచ్చుచునే యుండును. పెట్టెయే కానక్కరలేదు, బావిలో మోటారు కావచ్చును, గుడి ధ్వజస్తంభము కావచ్చును, పడిపోయిన మ్రాను కావచ్చును. “ఇదెంతండీ, కొంచెం దూరమే గదండీ” యను మాట చెవిని పడినపుడు అరుగుపై కూర్చుండి తీర్పు చెప్పకుడు. లేచి, చెప్పులు తొడిగికొని, ఆ దారిన ఒకమారు నడచి వచ్చి, పిదప చెప్పుడు.